ముల్లు మరిచిన కొమ్మ

మొదట కనిపెట్టింది సువార్తమ్మ చెయ్యి.
కన్ను కాదు, చెయ్యి.

నందివెలుగు దాటి కాలవ కట్ట దిగితే
పూర్ణయ్యగారి నిమ్మతోట.
ఏడో సాలు, పన్నెండో చెట్టు.
ఇన్నేళ్ళుగా ఆ చెట్టుకి తెలిసిన బేరం ఒక్కటే:
కాయ ఇస్తుంది, నెత్తురు పుచ్చుకుంటుంది.
ఆ జమాఖర్చంతా
సువార్తమ్మ ముంజేతుల మీదే ఉంది,
పాత గీతల మీద కొత్త గీతలు,
తెనాలి యార్డులో గుమాస్తా చిట్టాలాగా.

ఆ పొద్దున గోతం సగం నిండేసరికి
ఆగి చేతులు చూసుకుంది.
తూర్పు కొమ్మలోకి మళ్ళీ భుజం దాకా దూర్చింది,
తీసింది.
ఒక్క గీత లేదు.
"ఇదేందయ్యో, దీనికి మతి పోయింది!"

నేను అంటు కట్టేవాణ్ణి.
జేబులో చిన్న కత్తి, నాచు పొట్లం, పురికొస.
ముప్పై ఏళ్ళుగా కొమ్మలకి నేను చెప్పే మాట ఒక్కటే:
తల్లిలాగే ఉండు, ఆకు తేడా రానీకు.
ఇప్పుడొక కొమ్మ
తల్లినడక్కుండా, నన్నడక్కుండా
వేరే మాట ఎత్తుకుంది.

అదే వేరు. కాలవ వదిలితే అదే నీళ్ళు.
పక్క కొమ్మ మీద ఆకు ఆకుకీ
సూదంత కాపలా.
ఆ కణుపు దాటగానే
నున్నగా, చంటిదాని మోచెయ్యిలా.
ఏ వేసవి రాత్రి
చీమ కూడా ఆగి చూడని మొగ్గలో
ఒక్క కణం పాఠం తప్పు చదివిందో,
ఆ తప్పునే వెనకొచ్చినవన్నీ
వల్లె వేసుకుంటూ ఇంత కొమ్మయ్యాయో!

గుంటూరు లాం నుంచి నజీరని కుర్రాడొచ్చాడు.
భూతద్దంలో చూసి, ఆకులు కవర్లో వేసుకుని
"ఇట్టాంటివి లక్షకొకటి మామా,
నిలబడేది ఇంకా తక్కువ" అన్నాడు.
నా స్కూటర్ మీదే బస్టాండుకి దిగబెట్టాను.
దారంతా ఇద్దరం మాట్లాడలేదు.

పూర్ణయ్యగారు చెట్టు చుట్టూ
తుమ్మకంప కొట్టించాడు.
ముళ్ళు లేని కొమ్మకి ముళ్ళ కాపలా.
నాకు నవ్వొచ్చింది,
కూలి ఇచ్చేది ఆయనే గనక దగ్గాను.
తండ్రి పేరే పెడతానన్నాడు.
కాయ బజారెక్కక ముందే బోర్డెక్కింది
కోటయ్య నిమ్మ,
పసుపు మీద ఎర్రక్షరాలు.

తొలకరికి నాలుగు చోట్ల బెరడు ఉంగరంగా తీసి
నాచు చుట్టి కట్టాను.
ఒకటి ఎండిపోయింది.
ఒకదాన్ని చెదలు తిన్నాయి.
మూడోది వేరు పట్టింది, చిగురేసింది,
రెండో నెలలో మనసు మార్చుకుని
నిలువెల్లా ముళ్ళేసింది.
దాన్ని తిట్టలేకపోయాను.
నాలుగోది మిగిలింది.

ఆ సంబరం చెప్పబోతే సువార్తమ్మ
గోతం మూతి కుడుతూ తలెత్తలేదు.
"ముల్లుండబట్టే కదా మాకు గోతానికి
పది రూపాయలెక్కువ.
రేపు ఇది తోటంతా అయితే
బడి ఎగ్గొట్టిన పిల్లోడైనా కోస్తాడు.
అప్పుడు నా చేతులకి ధరెవరు కడతారు?"

దబ్బనం అటూ ఇటూ పోతోంది.
నా దగ్గర నాచుంది, పురికొసుంది,
జవాబు లేదు.
మేమిద్దరం ఒకే చెట్టు కింద నిలబడి
రెండు చెట్లని చూస్తున్నామని
అప్పుడు తెలిసింది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ
నర్సరీలోకొచ్చింది, తెల్లచీర, చేతిలో బైబిలు.
నాలుగో మొక్క ముందు గొంతుక్కూర్చుంది.
బొటనవేలు ఆకు కింద పెట్టి
కణుపు కణుపూ తడుముతూ పోయింది
పైదాకా.
మళ్ళీ కిందినుంచి.

దేనికోసం వెతుకుతోందో నేను అడగలేదు.
మొక్కకి నీళ్ళు పోసి
పక్కన నిలబడ్డాను.