మూడు రాత్రుల నీలం

పాలమూరు గడియారం కాడ
ఖాజా మొయినుద్దీన్ సాబు డబ్బా కొట్టు.
అద్దం కింద నల్ల మఖ్మల్ గుడ్డ,
దాని మీద తొమ్మిది గ్రహాలు.
పైన చీటీ: అరువు లేదు.

రెండు మార్కులతోని మూడోసారి ఉద్యోగం పోయినంక
నేనూ పోయి నిలబడ్డ ఆ గ్రహాల ముందు.

"నక్షత్రమేంది బిడ్డా?"
తెల్వదు.
బడిల సారు రాసింది జూన్ పది.
మా తరగతిల ఇరవై ఆరుమందిమి
ఆ ఒక్క పొద్దే పుట్టినం.

ఫోన్ల అమ్మనడిగిన.
"క్వారీల తూటలు పేలేటప్పుడు.
మూడు పేలినయ్, నాలుగోది పేలలే.
అందరు బండల చాటుకు నక్కి
అది పేల్తదేమోనని సూస్తుంటే
నువ్వు ఏడ్చినవ్."

సాబు నవ్వలే.
బొటనవేలుతో కణుపులు లెక్కవెట్టిండు.
పేలని తూట శని ఖాతాలకొస్తదన్నడు.
కెంపు సూర్యునిది, కుర్చీ మీద కూసునేటోళ్లకు.
ముత్యం చంద్రునిది, నిద్ర పట్టనోళ్లకు.
పగడం కుజునిది; పెండ్లి కుదరని పోరగాండ్లు
మాపటికి వస్తరట, మొఖానికి దస్తీ కట్టుకొని.
గోమేధికం సంగతి తర్వాత చెప్తనన్నడు. చెప్పలే.

నీలం మాత్రం మనం కొనేది కాదట,
అదే మనిషిని ఎంచుకుంటదట.
"మూడు రాత్రులు మెత్త కింద పెట్టుకో.
మంచి కలలొస్తె ఉంగరం చేయిస్త.
పీడకలొస్తె పొద్దు పొడవకముందే తెచ్చియ్యి."
జామీను కింద నా చేతి గడియారం గుంజుకున్నడు.

భూత్పూర్ దాటేలోపల
పది మాట్ల కొంగుముడి తడుముకున్న.

మా నాయిన వల్లెపు ఎల్లమంద
దాన్ని వెలుగుకు పట్టి సూడలే.
చెవికాడ పెట్టుకొని గోటితోని కొట్టిండు.
"నెర్రె లేదు" అన్నడు.
ముప్పయ్యేండ్లు సుత్తె చప్పుడు విని
బండ యాడ పగుల్తదో చెప్పిన చెవి.
ఇప్పుడు దానికి నా పిలుపు అందదు.
గోటి చప్పుడు ఎట్ల అందిందో నేనడగలే.

మొదటి రాత్రి కలలు రాలే.
రెండో రాత్రి కరెంటు పోయింది, దోమలు.
అప్పుడు, చీకట్ల, విసనకర్ర ఊపుకుంట
అమ్మ అన్నది:
"ఆ నాలుగోది పేలింది.
ఆలస్యంగ పేలింది.
నీ ఏడుపు విని మీ నాయిన
బండ చాటు నుంచి తలెత్తిండు."

నాయిన కుడి కణత మీద, తోలు కింద
నువ్వుగింజంత నల్ల రవ్వ.
చిన్నప్పుడు ఆయన భుజమెక్కి
వేలుతో దాన్ని తుడిచేదాన్ని, పోకపోతే గిచ్చేదాన్ని.
ఇన్నేండ్లూ నేను దాన్ని
పుట్టుమచ్చ అనుకున్న.

మూడో రాత్రి
నీలాన్ని ఆయన మెత్త కింద పెట్టిన.
తెల్లారి సైగతోని అడిగిన, కల వచ్చిందా?
"ఏందో గుచ్చింది, రాత్రంత నిద్ర లేదు" అని
మెడ రుద్దుకుంట చాయ్ తాగిండు.

సాబు రాయిని తిప్పి తిప్పి సూసుకున్నడు,
నేనేమన్న అరగదీసిన్నేమోనని.
"ఏం కల?"
"కల కాదు సాబూ. ఆ తూట పేలిందట."

"అయితే లెక్క మారుతది" అని
బొటనవేలును మళ్ల
చిటికెనవేలి మొదటి కణుపు కాడికి తెచ్చిండు.
నేను గడియారం తీసుకొని
చెవికాడ పెట్టుకున్న.