కార్డుకి ముందు పేజీ

తల్లీబిడ్డ కార్డు మూడో నెలతో మొదలవుతుంది.
పందొమ్మిదేళ్ళుగా నా చేతికదే అలవాటు:
పేరు, ఊరు, బరువు, రక్తం,
చివరి నెలసరి తేదీ.
దమయంతి కార్డు కూడా నేనే రాశాను.
రక్తం ఏడు పాయింట్ రెండు.
దాని కింద గీత గీసి, ఎర్ర మాత్రలిచ్చి
"దాచీకు, మింగు" అన్నాను.
మింగింది. నిజం చెప్పాలి, రోజూ మింగింది.

ఇవాళ అంగన్‌వాడీలో ఆమె కొడుకు మోక్షిత్
నాలుగు చెక్కముక్కలు ఒకదానిమీదొకటి పేర్చాలి.
రెండు పెట్టాడు. మూడోది చేతిలో పట్టుకుని
కిటికీ వైపు చూస్తున్నాడు.
పక్క గుంటలు మేడలు కట్టి కూల్చేసినా
వాడింకా మూడో ముక్క బరువు తెలుసుకుంటున్నాడు.

గుమ్మంలో నిలబడి దమయంతి అడిగింది:
"నాను మాత్తర్లు ఒక్కరోజు కూడా మాననేదు కదా మేడమ్,
మరి నా గుంటడికి మాటెందుకు ఆలీసం?"

జవాబు ఈ కార్డులో లేదు.
కాశీబుగ్గలో, జీడిపిక్కల కార్ఖానాలో,
తొమ్మిదో తరగతి సంచి మేకుకి తగిలించి
పదహారేళ్ళ దమయంతి కూర్చున్న బల్ల దగ్గరుంది.
పిక్కపాలు తగిలి వేళ్ళ తోలు ఊడుతుంటే
ఆముదం రాసుకునేది, బూడిద అద్దుకునేది.
గుండు పప్పుకొక రేటు, బద్దకొక రేటు.
లోపలి పప్పు విరక్కూడదని
పై పెంకుని ఎంత నెమ్మదిగా ఒత్తేదో!
ఆమె లోపల ఏముందో మాత్రం ఎవరూ తూకం వెయ్యలేదు.

పొద్దున్న టీ, రెండు బిస్కట్లు.
మధ్యాహ్నం గెంజన్నం, పచ్చిమిరపకాయ.
నెలనెలా ఎనిమిదేసి రోజులు పోయే రక్తం.
మెట్లెక్కితే చెవుల్లో హోరు, కూర్చున్నచోటే కునుకు.
"బద్దకం గుంట" అన్నాడు మేస్త్రీ.
బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రకి
బడి మానేసిన పిల్ల ఇంటి దారి తెలీదు.
నేను రోజూ ఆ గేటు ముందునుంచే స్కూటీ మీద వెళ్ళేదాన్ని,
కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకి.
మిగతావాళ్ళు నా లెక్కలో లేరు.

తరవాత పెళ్ళి.
నెల తప్పిందని ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకునేలోపే
లోపల వెన్ను మడతపడి మూసుకుంది,
తల అయ్యేచోట పని మొదలైంది.
కూలీలు వచ్చేశారు, సరుకు రాలేదు.
ఉన్న కాస్త ఇనుమూ ఎటు సర్దాలో తెలియక
ఆ ఒళ్ళు ఎంత తడుముకుందో!
అన్నీ అయ్యాక నేను తలుపు కొట్టాను,
ఎర్ర మాత్రలతో, నవ్వుతూ.

అంతా దానివల్లేనని ఒట్టు పెట్టలేను.
డాక్టరుగారూ పెట్టలేరు.
బిడ్డ బుర్ర వెయ్యి పోగుల నేత.
అందులో ఒక పోగు నా చేతికి అందేది, అంతే.

మంచి నేల, మంచి విత్తు అంటారు మీటింగుల్లో.
నాకా మాట గిట్టదు.
దమయంతి నేల కాదు,
పదహారేళ్ళప్పుడు ఆకలేసిన మనిషి.
ఎప్పుడో పుట్టే బిడ్డ సంగతి తరవాత,
ముందు తనకోసమే తినాల్సింది.

"నీ తప్పు కాదే" అన్నాను.
"మరెవులిది?"
నా వైపు చూడకుండా అడిగింది.

ఈలోగా మోక్షిత్ మూడో ముక్క పెట్టాడు.
పైన కాదు, పక్కన.
"అరుగు" అన్నాడు.
మేడలు కట్టినవాళ్ళెవరికీ అరుగు గుర్తు రాలేదు.

మర్నాడు కార్ఖానా గేటు దగ్గర స్కూటీ ఆపాను.
"ఇక్కడెవులికీ కడుపు నేదండి" అన్నాడు మేస్త్రీ.
తెలుసన్నాను.
వరసలో మొదటి పిల్ల చెయ్యి చాపింది.
సూది గుచ్చడానికి మెత్తటి వేలు దొరకలేదు,
నాలుగోదాకా వెతకాల్సి వచ్చింది.

కొత్త రిజిస్టరులో గీతలు నేనే గీసుకున్నాను.
పేరు, ఊరు, బరువు, రక్తం.
నెలసరి తేదీ రాసేచోట
"పొద్దున్న ఏం తిన్నావు?" అని రాశాను.

ఆ పిల్ల నవ్వింది.
"టీ."