మాపటేళ

వాన. హొరమావు అండర్‌పాస్ నిండిపోయి
క్యాబ్ రద్దయింది. పోనీలే అని
మేఖల ఆ కొత్త బొమ్మల సీరియల్ పెట్టింది.

మొదటి పది నిమిషాలూ నాకు నచ్చలేదు.
తేలే కొండలు, సగం చిరిగిన పటం,
అన్నీ ఎక్కడో చూసినట్టే.
ఆ సాహసాల పిల్ల జుట్టు మాత్రం గాలికి
వెంట్రుక వెంట్రుకా విడిగా కదిలింది;
ముఖం కదల్లేదు, ఇస్త్రీ చేసినట్టుంది.

ఆ మాటే అనబోయాను. అంతలో
మబ్బుల్లోంచి పడవ తోసుకుంటూ వచ్చిన ముసలి తాబేలు
గొంతు సవరించుకుని అడిగింది:
"యాడికి బోతుండావు మే, ఈ మాపటేళ?"

నోటి దాకా వచ్చిన బజ్జీ ఆగిపోయింది.
మదనపల్లె. అనుమానం లేదు.
ఏ డబ్బింగ్ గదిలో, ఎవరి అనుమతితో
ఆ తాబేలుకి మా ఊరి నాలుక అతికించారో!
పద్దెనిమిదేళ్లుగా ఆఫీసు ఫోన్లలో
నేను సాగగొట్టి చదును చేసుకున్న యాస
మబ్బుల మీద పడవ నడుపుతోంది,
కాస్తయినా మొహమాటం లేకుండా.

"అమ్మా, మాపటేళ అంటే?"
"సాయంత్రం."
"మరి సాయంత్రం అనొచ్చుగా?"
జవాబు తట్టలేదు. కిటికీ బయట
ఐదున్నరకే మసక. రోడ్డు మీది నీళ్లలో
ఒక ఆటో, లైటు వేసుకుని, ఈదుతోంది.
"అదిగో," అన్నాను. "అది సాయంత్రం కాదు."

మేఖల చాలాసేపు అటే చూసింది.
వెనకాల టీవీలో కొండలు కూలాయి, ఎవరో రాక్షసి అరిచింది.
కథేమిటో ఇప్పటికీ తెలీదు.

ముందే చెబుతున్నా:
రెండో ఎపిసోడ్‌లో ఆ తాబేలును చంపారంటే
నేను చూడను.