రెండు ఎం.ఎం. సందు

నెల్లూరు మాగుంట లేఅవుట్లో మూడో అంతస్తు.
లిఫ్టులో టైల్సు ఎక్కించొద్దన్నాడు వాచ్‌మన్,
అద్దం గీరుకుపోతుందంట.
పదకొండు డబ్బాలూ మెట్ల మీదే మోశాం
నేనూ, తోటపల్లిగూడూరు పిల్లోడు చెంచుకిష్టా.

ఒక్కో టైలు నాలుగొందల ఎనభై.
అరచెయ్యంత ఉంది. ఆలిచిప్ప లోపలి రంగు.
'అన్నా, ఇది నా రోజు కూలిలో సగానికి పైన' అన్నాడు వాడు.
'అందుకే రెండు చేతుల్తో పట్టుకో' అన్నా.

గోడ ముందు ఏ మేస్త్రీ అయినా
కాసేపు ఊరికే నిలబడాలి.
తెలీనోళ్ళు బీడీ టైమనుకుంటారు.
ఎక్కడ పొట్ట పెట్టిందో, ఎక్కడ లోపలికి పీక్కుపోయిందో
అరచెయ్యేసి నిమిరితేనే చెప్తుంది గోడ.
కోటిన్నర ఫ్లాటు. వంకర అర అంగుళం.
లేజరు పెట్టి పచ్చ గీత గీశా
స్టవ్వు గట్టు నుంచి కిటికీ దాకా.
మొదటి వరస నిలబడితే
మిగతావి దాన్ని చూసి కూర్చుంటాయి,
పెద్దపిల్ల బుద్ధిగా ఉన్న ఇంట్లోలాగా.

ప్లగ్గు పాయింట్లు ఆరు.
ఆరు చోట్లా టైలుకి కిటికీ కొయ్యాల.
గ్రైండరు అరుస్తుంటే నీళ్ళు పోస్తా కూర్చున్నాడు చెంచుకిష్ట,
ముక్కుకి తువ్వాలు కట్టుకుని.
తెల్ల బురద చేతుల మీద ఎండి
పందొమ్మిదేళ్ళోడు ముసలోడిలా కనపడ్డాడు.

సులక్షణ మేడం ఫోన్లో బొమ్మ చూపించింది.
ఎవరిదో వంటిల్లు. గిన్నె లేదు, గరిటె లేదు.
ఒక నిమ్మకాయ ఉంది, కొయ్యకుండా.
'సందుల్లో తెల్ల గ్రౌటు కావాలి, ఖాజా. పాల తెలుపు.'
'బూడిద రంగయితే, మేడం...'
'తెలుపే.'
'పోనీ ఎపాక్సీ...'
'అంత రేటా? వద్దు.'

గుమ్మం పక్కన తోటకూర వలుస్తా
వంటామె పెంచలమ్మ తలెత్తింది.
ఏం మాట్లాడలా. చూసిందంతే.
ఆ చూపులో పసుపుంది, చింతపండుంది,
ఆదివారం బొమ్మిడాయల పులుసుంది,
మామిడిముక్క మెత్తబడి, నూనె పైకి తేలి
టప్పుమని ఎగిరే మొదటి చుక్కుంది.
ఆ చుక్క గోడ మీద ఎక్కడ పడుద్దో
ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

మేడం బయటికి పోయాక టీ తెచ్చింది, స్టీలు గ్లాసుల్లో.
'ఆ సందు ఎంత, మేస్త్రీ?'
'రెండు ఎం.ఎం.'
'అంటే?'
జేబులోంచి స్పేసరు తీసి చేతిలో పెట్టా,
కూడిక గుర్తంత ప్లాస్టిక్కు ముక్క.
వేళ్ళ మధ్య తిప్పి చూసింది.
'నా గోరు కూడా పోదే దీంట్లోకి.
పాత పళ్ళబ్రష్షేనా అయితే?'
'పాత బ్రష్షే. వంటసోడా. రాత్రిపూట.'
'రోజూనా?'
నేను టీ తాగా.

బండి డిక్కీలో అరకిలో తెల్ల ఎపాక్సీ ఉంది,
ఒంగోల్లో గ్రానైటాయన బాత్‌రూముకి కలపంగా మిగిలింది.
స్టవ్వు వెనక మాత్రం, మూడు వరసలు,
అది పట్టించా.
పాల తెలుపు కాదది. పిసరంత మజ్జిగ తెలుపు.
పసుపు దాన్నీ పూర్తిగా వదలదు.
వెంటనే తుడిస్తే మటుకు చాలావరకు పోద్ది.

సాయంత్రం మేడం కళ్ళు చిన్నవి చేసింది.
'అక్కడ రంగు తేడాగా లేదూ?'
'చిమ్నీ లైటు, మేడం' అన్నా.
చెంచుకిష్ట బకెట్టు కడగడానికి పోయాడు.
పెంచలమ్మ కొళాయి గట్టిగా తిప్పింది.

స్పేసరు తిరిగియ్యలా. నేనూ అడగలా.

ఆదివారం పదకొండింటికి
వేదాయపాళెంలో మా పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే
చుక్క ఎగిరి సున్నం గోడ మీద పడింది.
మా ఆడమనిషి చూడను కూడా చూడలా.
అక్కడా ఎగిరుంటుంది ఈ పాటికి.
ఒక్క తుడుపుకి పోయిందో లేదో
ఎవర్ని పోయి అడిగేది?