మూలల్లో మిగిలిన బరువు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
నేను లెక్కపెట్టే తింటాను.
కరాబూక్‌లో, ఉక్కు యార్డు గేటు పక్క గదిలో
ఒక కుర్చీ, ఒక కిటికీ, ఒక టేపు.

చేరిన వారమే ఫెరిదున్ ఉస్తా
సిగరెట్ పెట్టె చింపి వెనకవైపు గీశాడు:
పైనొక బద్ద, కిందొక బద్ద,
నడుమ నిలబడ్డ సన్నటి రేకు.
"దూలమంటే ఇంతే. మూడు దీర్ఘచతురస్రాలు.
బలమంతా అంచుల్లో. నడుమంటావా,
ఇదిగో, ఈ టీ గ్లాసుకున్నంత."
గ్లాసు ఖాళీ చేసి బోర్లించాడు.

వెడల్పు నూటయాభై, ఎత్తు మూడువందలు,
మందం పదిన్నర పైచిలుకు.
ఏడువేల ఎనిమిదివందల యాభైతో హెచ్చవేస్తే
మీటరుకి నలభై ముప్పాతిక కిలోలు.
పన్నెండు మీటర్లకి నాలుగువందల ఎనభైతొమ్మిది.
రెండుసార్లు చేశాను,
అమ్మ పిండి కొలిచి వేలితో చదును చేసినట్టు.

కాటా ఐదువందల ఏడంది.

పద్దెనిమిది కిలోలు!
నెజ్‌దెత్ లారీ హారన్ మీద మోచెయ్యి ఆనించాడు.
కాటాకి మంచు పట్టిందన్నాను,
బురదన్నాను, దాని బుద్ధే అంతన్నాను.
ఉస్తా ఏమీ అనలేదు. నా చేతితొడుగు లాగేసి
బొటనవేలిని దూలం లోపలి మూలన పెట్టాడు.
ఫిబ్రవరి ఇనుము. చురుక్కుమంది.

అక్కడ మూల లేదు.
బద్దా రేకూ కలిసేచోట
నున్నటి చిన్న ఒంపు,
నా వేలి కొలతకే తీసినట్టు.
"ఎర్రగా ఉన్నప్పుడు రోలర్ల కింద
ఇనుము చటుక్కున మలుపు తిరగలేదమ్మా,
వంగి వెళ్తుంది.
మూలలుండేది నువ్వు గీసిన గీతకి."

నాలుగు ఒంపులు. మీటరుకి కిలోన్నర.

ఆ సాయంత్రం కరెంటు లేదు.
అక్క కూతురు నిల్‌గున్‌ని ఎత్తుకుని
నాలుగంతస్తులూ ఎక్కాను. ఐదేళ్ళది.
కిందటి నెల క్లినిక్‌లో తూచారు: పద్దెనిమిది.
మూడో మలుపులో ఊపిరాడక ఆగి నవ్వేశాను.
అయితే ఒక్కో దూలంలో ఒక్కో పిల్ల
దాగుడుమూతలాడుతూ నక్కి కూర్చుని
లారీలెక్కి పోతోందన్నమాట
నా కాగితానికి దొరక్కుండా.

ఇప్పుడు ఫోన్‌లోనే పట్టిక ఉంది,
ఒంపులతో సహా చెప్పేస్తుంది.
ఉస్తా నల్లసముద్రం ఒడ్డున చేపలు పడుతున్నాడట.
ఎంత పడిందంటే
రెండు చేతులూ చాపి చూపిస్తాడట, కాటా లేకుండా.

క్రేన్ మీంచి తుర్గాయ్ అరుస్తాడు: "ఎంత?"
"ఐదువందల ఏడు."
మళ్ళీ అడగడు. కొక్కెం దిగుతుంది.
అది తగిలేలోపు
నేనొకసారి తొడుగు తీస్తాను.