తగ్గింపు రెండు దినార్లు

ఆరు దినాలు షువైఖ్ గ్యారేజీల
కార్ల సొట్టలు తీసుడు, రంగులేసుడు.
ఏడో దినం అల్ రాయ్ శుక్రవారం సంతల
అవీ కార్లే,
కాకపోతె అరచేతిల పట్టేటియి.

కోయాక్కది కోజికోడు. ముప్పై ఏండ్ల సంది
ఈ రేకుల షెడ్డు కింద పాత బొమ్మలు పరుస్తడు.
ఖాళీ చేసిన విల్లాల మేడగదులకెల్లి
గోనెసంచుల్ల వస్తయి.
కిలో లెక్కన కొని ముక్క లెక్కన అమ్ముతం.
నా పేరు రాజమల్లు అంటె
పక్క దుకాణం మలబారోళ్ళు నవ్విన్రు:
"నీ పేర్ల సగం మేమే గదా!"

నన్నెందుకు పెట్టుకున్నడంటే
రంగు అసలుదా, మీద పూసిందా
గోరు పెట్టి చెప్తనని.
రెండో పూత గోటి కింద మెత్తగ జారుతది.
కంపెనీ రంగు గోరునే అరగదీస్తది.

ముందుగాల బొమ్మను బోర్లెయ్యాలె.
పసిపిల్ల ఒంటిమీద పుట్టుమచ్చ ఎతికినట్టు
కడుపు కింద అచ్చక్షరాలు ఎతకాలె.
జపాన్ అని ఉంటె నేల మీద ఒత్తి ఉరికియ్యి,
లోపలి చక్రం ఇంక గుర్రుమంటదా విను.
వెస్ట్ జర్మనీ అని ఉంటె కండ్లకద్దుకో.
ఆ పేరు దేశం ఇప్పుడు లేదు.
లేని దేశానికి రేటెక్కువ.

సెల్లు గూడు తెరిస్తె పచ్చటి చిలుమా, సగం కొయ్యి.
చావి పోయిందా, ఇంకో మూడో వంతు.
అట్టపెట్టె ఉంటె మాత్రం నోరు మూసుకొని కూసో,
బొమ్మ కంటె పెట్టె ఎక్కువ పలుకుతది.
విప్పని పెట్టె సంగతి ఇగ చెప్పనే వద్దు.
ఎన్నడూ ఏ పిల్లగాడూ ముట్టని కారుకు
నలభై దినార్లు.
ఆడుకున్న పాపానికి
మిగిలినయన్నీ తగ్గుడే.

నీళ్ళతోటి తుడవద్దు, నూనె పెట్టద్దు అంటడు.
నా చెయ్యి ఊకోదు.
సొట్ట కనవడితె లోపలికెల్లి తట్టబుద్దయితది.
ఒకపారి ఫైరింజను నిచ్చెనకు
గ్యారేజీ తెల్లరంగు ఒక్క చుక్క పెట్టిన.
పదకొండు దినార్లది మూడుకు దిగింది.
తిట్టలేదు. సులేమానీ చాయ్ ముందట పెట్టి
"బాగు చేసినవు గద, అందుకే పాడైంది" అన్నడు.

ఇంకో మాట గూడ చెప్పిండు:
కొనేటోని మొఖం చూడకు, చేతులు చూడు.
చెయ్యి తొందరపడితె ధర లేవాలె.

మొన్న, దుమ్ముగాలి లేచిన పొద్దు
ఒక ముసలి కువైటీ, దిష్‌దాషా అంచుకు మట్టి,
నడుస్త నడుస్త
నీలం రేకు టాక్సీ కాడ ఆగిండు.
దానికి ఆరు రాసిపెట్టిన. ఎనిమిది రావాలె, నిజానికి.
కానీ కడుపు కింద ఎవరో మేకుతోటి గీకిన్రు:
ఒక గిన్నె, గిన్నెల చుక్క.
అరబ్బీ నూన్.
గీకుడుకు రెండు కోసిన.

ఆయన తిప్పి చూసిండు.
బొటనవేలు ఆ గీత మీద పెట్టి
తియ్యలేదు.
"బిచం?" అన్నడు, నా దిక్కు చూడకుంట.

నేను చేతులు చూసిన.
ఆరు అనబోయిన నోట్లకెల్లి
పద్దెనిమిది అని వచ్చింది.

బేరం ఆడలేదు. ఇరవై నోటు బల్ల మీద పెట్టి
చిల్లరకు ఆగలేదు.
నాసరో, నవాఫో, నూరానో,
చంకల ఎవరో ఒక నూన్‌ను పెట్టుకొని
ట్రక్కుల నడుమకెల్లి పోయిండు.

కోయాక్క భుజం తట్టిండు. "నేర్చినవు."
లాభంల మూడు నాకిచ్చిండు.

రాత్రి ఫర్వానియా రూములో, పై మంచం మీద,
ఫోను లైటుకు గోరు చూసుకున్న.
అసలు రంగేదో చెప్పెటి గోరు.
ఎన్నిసార్లు పోయిందో ఆ గీత మీదికెల్లి,
లోతు కొలిచింది గని
చదవలేదు.

కాపీల ఇంక నా చేతిరాతనే ఉన్నది:
నీలం టాక్సీ. జపాన్. చక్రం బాగుంది.
కింద గీకుడు.
తగ్గింపు రెండు.