ఉత్తరపు గోడ

మా అద్దె ఇంటికీ పక్కింటి గోడకీ మధ్య
మూడడుగుల సందు.
ఎండ అక్కడికి ఏప్రిల్లో వస్తుంది, అదీ
ఒక టీ కాగేంతసేపు.
ఓనరమ్మ పుట్టతాయమ్మ పాత బకెట్లు పెట్టుకోమంది.
తోట వేస్తానంటే నవ్వింది,
"నాచు తప్ప ఏమొస్తుంది అక్కడ?"
నాచూ పచ్చగానే ఉంటుంది కదా అన్నాను.

రాత్రి డ్యూటీ దిగి, ఆస్పత్రి వాసనతోనే
సిద్ధాపుర నర్సరీకి వెళ్ళాను.
వచ్చీరాని కన్నడంలో నీడ, మొక్క, చిన్న కుండీ అని
చేతులు తిప్పుతుంటే
మునిరాజప్ప గోనెపట్టా దులుపుతూ
"తెలుగులోనే అడుగమ్మా, మాది మాలూరు పక్క" అన్నాడు.

మొక్కల్ని ఎలా పేర్చాలో ఆయనే చెప్పాడు.
పొడుగువి గోడకి, పొట్టివి కాళ్ళ దగ్గర.
చారల ఆకు పక్కన చారల ఆకు వద్దు,
రెండూ ఒకేసారి మాట్లాడతాయి, ఏదీ వినపడదు.
"పెళ్ళి బంతిలో కూర్చోబెట్టినట్టే అనుకో.
పడనివాళ్ళ మధ్య ఒక నెమ్మదస్తుణ్ణి వెయ్యాలి."
ఆ నెమ్మదస్తుడు ఫెర్నట.

మూలన నల్ల పాలిథిన్ సంచిలో ఒకటి,
పావురం మెడ రంగు ఆకు,
అంచు చుట్టూ మీగడ గీత.
ఊటీ నుంచి ఎవరో తెచ్చి వదిలేశారట. హోస్టా.
"అది వద్దమ్మా. దానికి చలి కావాలి.
ఆకులన్నీ రాల్చేసి, రెండు నెలలు
మట్టిలో ఒళ్ళెరగకుండా పడుకోవాలి.
మన బెంగుళూరు చలి దానికి కునుక్కి కూడా చాలదు.
నిద్రలేక చచ్చే మొక్క."

నూట ఎనభై ఇచ్చి అదే ముందు కొన్నాను.

నాలుగు ఆదివారాలు కుండీలు జరిపాను.
తమలపాకు తీగ పైపుకి,
ఎర్ర మచ్చల కలాడియం మెట్టు మీద,
బిగోనియా ఓనరమ్మకి కనబడేటట్టు,
నడుమ, నేను పగలు పడుకునే గది కిటికీ కింద,
హోస్టా.
దుప్పటి కట్టిన కిటికీ అది. లోపల నేనుంటాను,
కళ్ళు మూసుకుని, ప్రెషర్ కుక్కర్లు లెక్కపెడుతూ.

ఆగస్టు వానల్లో నత్తలు వచ్చాయి, పిడికిలంతవి.
తెల్లారి అయిదింటికి ఫోను లైటు వేసుకుని
ఒక్కొక్కదాన్నీ ఒలిచి పాలకవరులో వేసేదాన్ని.
అవి ఫెర్నుని ముట్టలేదు. తమలపాకు ముట్టలేదు.
రుచి తెలిసిన నత్తలు.

డిసెంబరులో ఆకులు పండాయి గానీ రాలలేదు.
పడుకోవాలో మేలుకోవాలో తెలియని ముఖం.
ఆ ముఖం నాకు తెలుసు, ఆస్పత్రి లిఫ్టు అద్దంలో చూస్తుంటాను.
తవ్వి, మన్ను దులిపి, పేపర్లో చుట్టి
ఫ్రిజ్‌లో పెట్టాను,
కరివేపాకు డబ్బాకీ దోసెల పిండికీ మధ్య.

మూడోనాడు ఎస్తేరు అల్లమనుకుని
ఒక వేరు తుంచి టీలో వెయ్యబోయింది.
అప్పుడు నా గది తలుపు మీది చీటీ పీకి
దాని మీద అంటించాను.
నిద్రపోతున్నారు, బెల్ కొట్టవద్దు.

ఆ మర్నాటి నుంచి
పై ఇంటి పిల్లలు నా తలుపు బాదుతున్నారు,
బంతి కోసం, సైకిలు పంపు కోసం,
ఒకసారి ఊరికే.
కొత్త చీటీ రాయొచ్చు. రాయలేదు.

సందులో కుండీ ఉన్నచోట గుండ్రటి తడి మచ్చ.
కలాడియం ఒక చెయ్యి అటు చాచింది.
ఖాళీ చూడలేక ఎస్తేరు
మొలకెత్తిన చేమదుంప తెచ్చి పాతిపెట్టింది.
నెల తిరిగేసరికి అది ఏనుగు చెవులంత ఆకులేసుకుని
ఇల్లు తనదేనన్నట్టు కూర్చుంది.

ఈ పొద్దున పేపరు విప్పాను.
సగం వేళ్ళు మెత్తబడ్డాయి.
మిగతా సగంలో ఒకచోట
ఊదారంగు మొన, గోరంత.
బతికిందో, ఇంకా కలగంటోందో.

మునిరాజప్పకి ఫోన్ చేస్తే
"మళ్ళీ బంతి వెయ్యి" అన్నాడు.
చేమని లేపాలి. అది లేస్తే ఫెర్ను జరగాలి,
ఫెర్ను జరిగితే బిగోనియా ఓనరమ్మకి కనపడదు.
ఎనిమిదింటికి పడుకోవలసినదాన్ని.
పది దాటింది.
చేతులకి మన్ను, పైన పిల్లల గోల,
కుండీ ఒకటి రెండు చేతులా ఎత్తి పట్టుకుని
ఎక్కడ దించాలో తెలియక
సందులో నిలబడి ఉన్నాను.